దేవుడి కుండ – చేసిన చేయి

(హాస్టల్ పూర్వ విద్యార్థి, సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చే పాఠం ఒకటి రాసిమ్మని వార్డెన్ గారు కబురు పంపారు. క్లాసు పుస్తకాల్లోని పాఠాలు మీకు ఎలాగూ ఉన్నాయి. అందుకని ఏ క్లాసులోనూ పాఠంగా లేనిదీ, మీ అందరి ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు పూజలందుకున్నదీ ఒక వస్తువును ఎంచుకున్నాను. అది మట్టికుండ. వంట కుండా కాదు, నీళ్ల కుండా కాదు. సున్నంతో, పసుపుతో, జాజుతో గీతలు దిద్ది, పెళ్లిలోనూ అమ్మవారి సంబరంలోనూ దేవుడిగా నిలబెట్టే కుండ.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మాది టెక్కలికీ పలాసకూ మధ్యనున్న ఒక పల్లె. మేము కుమ్మర్లం. మన హాస్టల్లో ఎస్సీ పిల్లలతో పాటు కొద్దిమంది బీసీలకూ సీట్లు ఉండేవి. అలా నాకు సీటు దొరికింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎండలు ముదిరిన రోజుల్లో, మా తాత కావిడిలో రెండు పెద్ద కుండలు పెట్టుకొని హాస్టలుకు నడిచి వచ్చాడు. పిల్లలు చల్లటి నీళ్లు తాగుతారని, డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. "ఈయన ఎవరి తాతరా?" అని వంటాయన అడిగాడు. నేను నోరు విప్పలేదు. కుమ్మరి ఇంటి పిల్లాడినని తెలిస్తే ఎగతాళి చేస్తారని నా భయం. తాత నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఒక్క మాట అన్నాడు. "ఏట్రా గుంటా, అందులో నీలు తాగడానికి సిగ్గు నేదు గానీ, చేసినోడి పేరు సెప్పడానికి సిగ్గేసిందేటి?"

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం దానికి ఆలస్యంగా రాస్తున్న జవాబు అనుకోండి.

ఐరేని కుండ, ఘటం

పెళ్లిలో పూజించే రంగుల కుండలను ఐరేని కుండలు అంటారు. అరివేణి, అవిరేణి అనే రూపాలు కూడా ఉన్నాయి. పెళ్లివారు మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళతారు. అక్కడ కుండలకు పసుపు కుంకుమలు పెట్టి, కుమ్మరికి బియ్యం, బట్ట, దక్షిణ ఇచ్చి, ముత్తయిదువలు వాటిని ఎత్తుకొని వస్తారు. కొన్ని ఇళ్లలో పైన ఉల్లెడ పట్టి తెస్తారు. ఇంట్లో ధాన్యం పోసి, దాని మీద కుండలు నిలిపి, మూకుడు పెట్టి, దారం చుట్టి, పెళ్లి ముగిసేవరకు దీపం పెడతారు. కుండలు ఎన్ని ఉండాలి, ఎవరు ఎత్తాలి అన్నది కులానికో తీరు, ఊరికో తీరు. కానీ ఒక్క విషయం అంతటా ఒకటే. పెళ్లి జరగాలంటే ముందు కుమ్మరి గడప తొక్కాలి.

అమ్మవారి సంబరాలకు మన ప్రాంతంలో లోటు లేదు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర, ఇచ్ఛాపురం స్వేచ్ఛావతి అమ్మవారి సంబరం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇక ఊరూరా ఉండే గ్రామదేవతల సంగతి చెప్పనక్కరలేదు. గ్రామదేవత సంబరంలో ఘటం అంటే అమ్మవారే. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి నెత్తిన పెట్టుకొని ఊరేగిస్తే, పెద్దలు కూడా చెప్పులు విప్పి, వారు పోసి దండం పెడతారు. చాలాచోట్ల ఇప్పుడు ఇత్తడి ఘటాలు వచ్చాయి. మొదట ఉన్నది మట్టి ఘటమే.

గీతలను కాస్త గమనించండి. మెడ చుట్టూ తెల్లటి పట్టీ, కింద చుక్కల వరుస, పొట్ట మీద పద్మం, ఒక పక్క సూర్యుడు, ఒక పక్క చంద్రుడు, మధ్యలో తీగ. మా ఇంట్లో ఈ గీతలు వేసేది నానమ్మ. తాత చేసేవాడు, నానమ్మ దిద్దేది. కుండను ఒళ్లో పెట్టుకొని తిప్పుతూ, ఈత పుల్ల నమిలి చేసిన కుంచెతో, కొలత లేకుండా గీసేది. తిరిగి వచ్చిన గీత మొదలుపెట్టిన చోటే కలిసేది.

మట్టి నుంచి కుండ వరకు

సైన్సు మాస్టారు చెప్పవలసింది కొంచెం నేను చెబుతాను. ఉద్దానం నేల ఎక్కువగా ఇసుక కలిసిన నేల. కొబ్బరికి, జీడికి, పనసకు మంచిదే కానీ కుండకు పనికిరాదు. కుండకు బంకమన్ను కావాలి. అది చెరువు అడుగున దొరుకుతుంది. తెచ్చిన మట్టిని ఎండబెట్టి, చితక్కొట్టి, రాళ్లు ఏరి, నీళ్లలో నానబెట్టి, సన్నటి ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. ఇసుక ఎందుకంటే, ఉత్త బంకమన్ను ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి పగులుతుంది. ఇసుక ఆ కుంచింపును తగ్గిస్తుంది.

సారె మీద కుండ మెడ, భుజం వస్తాయి. దారంతో కోసి తీసినప్పుడు దానికి అడుగు ఉండదు. కొంచెం ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి అడుగు మూస్తారు. కుండ గోడ పలచబడేది, గట్టిపడేది ఈ తట్టడంలోనే. "కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు" అనే సామెత మీకు తెలుసు. తట్టి తట్టి చేసిన ఆ ఓపిక అంతా ఒక్క దెబ్బకు పోతుందని దాని భావం.

తరువాత ఆవం. కుండలు పేర్చి, మధ్యలో కర్ర, పిడకలు, కొబ్బరి మట్టలు పెట్టి, పైన గడ్డి పరచి మట్టితో మెత్తి కాలుస్తారు. ఊరి ఆవంలో వేడి సుమారు 700 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ వరకు వెళుతుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య బంకమన్ను అణువుల్లో కట్టుబడి ఉన్న నీరు బయటికి పోతుంది. ఆ తరువాత అది మళ్లీ మట్టి కాదు. ఎన్నాళ్లు నానబెట్టినా కరగదు. గాలి బాగా తగిలితే మట్టిలోని ఇనుము ఎర్రటి ఆక్సైడుగా మారి కుండ ఎరుపెక్కుతుంది. గాలి ఆడకుండా పొగలో మగ్గితే నల్లబడుతుంది. ఒకే మట్టి నుంచి ఎర్ర కుండ, నల్ల కుండ వచ్చే రహస్యం ఇదే.

రంగులు కాల్చిన తరువాత వేస్తారు. తెలుపుకు సున్నం. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. పసుపుకు పసుపే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగలగానే ఎర్రబడుతుంది. మీరు ప్రయోగశాలలో పసుపు కాగితంతో చేసే పరీక్షను మీ నాయనమ్మలు పెళ్లికుండ మీద ఎప్పుడో చేశారు.

కొత్త కుండ, మైల కుండ

కాల్చిన కుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. నీరు వాటిలోంచి ఊరి, పైన ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అందుకే కుండ నీళ్లు చల్లగా ఉంటాయి. అవే రంధ్రాలు నూనెనూ పులుపునూ కూడా పీల్చుకుంటాయి. ఇత్తడి చెంబును తోమి శుభ్రం చేయవచ్చు. కుండలో దిగినది పూర్తిగా బయటికి రాదు. కాబట్టి దేవుడికి వాడే కుండ ఎప్పుడూ కొత్తది కావాలన్నారు. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం కొత్త మట్టికుండల్లోనే వండుతారు. వాడిన కుండ మళ్లీ పొయ్యి ఎక్కదు. తిరుమలలో ఎన్ని బంగారు పాత్రలున్నా, స్వామికి ఓటికుండలో పెరుగన్నం నివేదించే ఆచారం ఉంది. మట్టిపూలతో స్వామిని కొలిచిన కుమ్మరి భక్తుడి కథ కూడా తిరుమల స్థలపురాణంలో ఉంది. ఈ ఆచారాల వల్ల కుమ్మరికి ఏడాది పొడుగునా పని దొరికింది.

అయితే ఇక్కడే ఒక పెద్ద అన్యాయం కూడా పుట్టింది. కుండకు పెట్టిన మైల లెక్కను మనుషులకు కూడా పెట్టారు. ఫలానా కులం వాడు తాకితే కుండ మైలపడిందని పగలగొట్టేవారు. పీష్వాల కాలంలో పూనాలో అంటరానివారు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టికుండ కట్టుకొని తిరగవలసి వచ్చేదని డాక్టర్ అంబేడ్కర్ 1936లో ప్రచురించిన 'కుల నిర్మూలన'లో రాశారు. ఆయన బడిలో చదువుకునే రోజుల్లో దాహమైతే కుండ ముట్టుకునే వీలు లేదు. బంట్రోతు ఎత్తి పోస్తేనే నీళ్లు. బంట్రోతు లేకపోతే ఆ పూట దాహంతోనే ఉండాలి. ఒకే మట్టి, ఒకే సారె. ఒక కుండ పీట మీద దేవుడు. ఇంకో కుండ మనిషి మెడలో అవమానం.

ఇది ఎక్కడో పూనాలో జరిగిందని మనం తప్పించుకోలేం. హాస్టల్లో నా పక్క పెట్టె మిత్రుడిది మా ఊరి పేటే. ఒక రాత్రి వరండాలో పడుకున్నప్పుడు చెప్పాడు. వాళ్ల అక్క పెళ్లికి కుండల కోసం మా ఇంటికి వస్తే, మా తాత వాళ్లను కంచె బయటే నిలబెట్టి, కుండలు నేల మీద పెట్టి, వెనక్కి జరిగాడట. పైగా పెద్ద వీధి పెళ్లికుండకు నాలుగు వరసల గీతలుంటే, వాళ్ల కుండకు రెండే వరసలట. "నీ తాత మాకు కుండ ఇచ్చాడు గానీ చేతికివ్వలేదురా" అన్నాడు. మా ఇంట్లో ఎన్నడూ మాట్లాడుకోని విషయం అది. తనను పెద్ద వీధి వాళ్లు చులకన చేస్తారని బాధపడే మా తాతే, తన కంచె దగ్గర ఇంకొకరిని ఆపాడు. ఆ రాత్రి మేమిద్దరం లేచి అదే తాత ఇచ్చిన కుండలో ఒకే గ్లాసుతో నీళ్లు తాగాం. కుండలో మైల ఉందేమో గానీ, మనిషిలో అలాంటి రంధ్రం ఏదీ లేదని నాకు నేర్పింది మన హాస్టలే.

అదే కాలంలో ఇంగ్లండులో

ఇప్పుడు కొంచెం దూరం వెళదాం. చేతితో చేసిన మట్టి వస్తువు విలువ గురించి ప్రపంచంలో ఒక పెద్ద చర్చ జరిగింది. అది ఇంగ్లండులో, 19వ శతాబ్దం రెండో సగంలో. ఫ్యాక్టరీలు వచ్చాక వస్తువులు చవకయ్యాయి. కానీ ఒక వస్తువును మొదటి నుంచి చివరి వరకు తన చేత్తో చేసే పనివాడు మాయమయ్యాడు. ఒకడు హ్యాండిల్ అతికిస్తాడు, ఒకడు రంగు పూస్తాడు, వస్తువు ఎవరిదీ కాదు. జాన్ రస్కిన్, విలియం మోరిస్ వంటివారు దీన్ని ఎదిరించారు. చేసేవాడికి ఆనందం ఇవ్వని పని మంచి వస్తువును ఇవ్వలేదని వాదించారు. 1887లో ఏర్పడిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఎగ్జిబిషన్ సొసైటీ పేరు మీదనే ఆ ఉద్యమానికి ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ అనే పేరు స్థిరపడింది.

ఈ ఉద్యమంలో మట్టితో దేవుడి పని కూడా జరిగింది. రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది సర్రే ప్రాంతంలోని కాంప్టన్ అనే పల్లె. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ భార్య మేరీ వాట్స్ కూడా కళాకారిణి. తమ ఇంటి ఆవరణలో మంచి బంకమన్ను దొరికితే, ఆమె ఊరివాళ్లకు సాయంత్రం పూట మట్టిపని నేర్పే తరగతి పెట్టింది. ఊరి శ్మశానవాటికకు ఒక ప్రార్థనా మందిరం కావలసి వచ్చింది. 1896 నుంచి 1898 వరకు డెబ్బై మందికి పైగా ఊరివాళ్లు, కళలో ఏ శిక్షణా లేనివాళ్లు, ఎర్రమట్టి పలకల మీద దేవదూతలను, తీగలను, పక్షులను మలిచి, కాల్చి, ఆ మందిరం గోడలకు అలంకరించారు. అదే బృందం తరువాత కుమ్మరి సంఘంగా మారి, 20వ శతాబ్దం మధ్య వరకు కుండీలు, విగ్రహాలు చేసి అమ్మింది. ఆ మందిరం ఇప్పటికీ ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వెళ్లి చూస్తారు.

రెండోది లివర్‌పూల్‌కు ఎదురుగా నది అవతల ఉన్న బర్కెన్‌హెడ్ పట్టణం. అక్కడ 1894లో హెరాల్డ్ రాత్‌బోన్, కాన్రాడ్ డ్రెస్లర్ కలిసి డెల్లా రోబియా పాటరీ స్థాపించారు. 15వ శతాబ్దంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో మేరీమాత, బాలయేసు ప్రతిమలను మట్టితో చేసి మెరుగు పూత వేసిన లూకా డెల్లా రోబియా పేరు దానికి పెట్టారు. స్థానిక యువతీయువకులకు పని నేర్పారు. కూజాలు, పళ్లేలు, చర్చీలకు మతపరమైన పలకలు చేశారు. ఖర్చు ఎక్కువై 1906లో మూతపడింది. నిండా 12 ఏళ్లే నడిచింది. కానీ ఒక విషయం గమనించండి. అక్కడి వస్తువుల అడుగున సంస్థ గుర్తుతో పాటు, దాని మీద బొమ్మ గీసిన పనివాడి పొడి అక్షరాలు కూడా గీసేవారు. అందుకే నేటికీ మ్యూజియంలో ఒక కూజాను తిప్పి చూస్తే, అది ఎవరి చేతి పనో చెప్పగలుగుతున్నారు.

మా నానమ్మ చేతి పని మీద ఏ అక్షరమూ లేదు.

అప్పుడు మన ప్రాంతం

ఆ రోజుల్లో టెక్కలి, పలాస, ఉద్దానం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మన భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఇంగ్లండు ఉద్యమం గాలి మద్రాసుకు కూడా వచ్చింది. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో స్థాపించిన ఆర్ట్ స్కూలులో కుమ్మరి పని కూడా నేర్పేవారు. 1884లో దానికి సూపరింటెండెంటుగా వచ్చిన ఇ.బి. హావెల్ భారతీయ చేతిపనుల తరఫున గట్టిగా వాదించిన మనిషి. విచిత్రం ఏమిటంటే, 1898లో అదే స్కూలులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీని మొదలుపెట్టారు. 1900లో దాని కోసం ఒక కంపెనీయే ఏర్పడింది. పగలని, తేలికైన ఆ గిన్నె పల్లెల్లోకి వచ్చి వంటకుండను పొయ్యి మీద నుంచి దింపేసింది. కుండను కాపాడాలన్న మాటా, కుండకు పోటీ వచ్చిన గిన్నే ఒకే చోట నుంచి బయలుదేరాయన్నమాట. అయినా ఐరేని కుండ జోలికి అల్యూమినియం రాలేకపోయింది. పెళ్లిలో మట్టే కావాలి.

1909వ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. ఆ ఏడాది రెండు ముఖ్యమైన పుస్తకాలు వచ్చాయి. ఒకటి ఆనంద కుమారస్వామి రాసిన 'ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్'. ఇంగ్లండు ఉద్యమ నాయకుల్లో ఒకరైన సి.ఆర్. ఆష్‌బీ దానికి ముందుమాట రాశారు. ఊరి చేతివృత్తులవాడికి పంటలో వాటా ఉంటుందని, ఊరే అతన్ని పోషిస్తుందని, పని అతనికి బతుకుతెరువుతో పాటు ధర్మం కూడా అని కుమారస్వామి మెచ్చుకున్నారు. రెండోది ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో 7 సంపుటాల్లో తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం. అందులో కుమ్మర అనే శీర్షిక ఉంది. అయితే ఆ గ్రంథం పని కులాలను వర్ణించడం. కులం అచ్చయింది, మనిషి అచ్చు కాలేదు.

కుమారస్వామి మాటలో కొంత నిజం ఉంది. కళ్లంలో కుమ్మరికి మేర కొలిచేవారు. మా తాత కూడా చిన్నప్పుడు ఆ ధాన్యం మోసినవాడే. కానీ వర్షాలు లేక పంట పోతే మేర లేదు. ధర చెప్పే హక్కు లేదు. వేరే పని చేస్తానంటే ఒప్పుకోరు. కులం అంటే పనిని పంచుకోవడం మాత్రమే కాదని, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విడదీయడమని అంబేడ్కర్ 1936లో వాదించారు. మా కంచె దగ్గర జరిగింది తెలిశాక ఆ వాదన నాకు పుస్తకంలోని మాటగా అనిపించలేదు. పనిని గౌరవించడం వేరు, పనివాడిని పుట్టిన చోటే కట్టిపడేయడం వేరు. ఇంగ్లండులో తోటమాలి, పనిమనిషి కూడా ఇష్టపడి కుమ్మరి పని నేర్చుకున్నారు. మన దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. మనకు కావలసింది మొదటిదే, రెండోది కాదు.

శాలిహుండం పెంకు చెప్పే మాట

మన పొరుగున పర్లాకిమిడిలో ఆ కాలంలోనే ఒక మాస్టారు ఉండేవారు. ఆయనే గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. సవర భాష నేర్చుకొని సవర పిల్లలకు బడులు పెట్టారు. జనం మాట్లాడే తెలుగులోనే పాఠాలు ఉండాలని పోరాడారు. మీరు ఈ వ్యాసాన్ని గ్రాంథికంలో కాకుండా మామూలు తెలుగులో చదువుతున్నారంటే అది ఆయన చలవే. ఇంగ్లండులో మోరిస్ సామాన్యుడి చేతిలో విలువ చూస్తే, మన జిల్లాలో గిడుగు వారు సామాన్యుడి నోటిలో విలువ చూశారు.

వంశధార దక్షిణపు గట్టున, కళింగపట్నానికి దగ్గరలో శాలిహుండం కొండ ఉంది. అక్కడ బౌద్ధ క్షేత్రం ఉందని 1919లో వెలుగులోకి తెచ్చింది ఆ గిడుగు వారే. తరువాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, ధాతు కరండాలు బయటపడ్డాయి. వాటితో పాటు బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండ పెంకులు దొరికాయి. అంటే మన జిల్లాలో ధర్మకార్యానికి వాడిన మట్టిపాత్రల మీద అక్షరాలు గీసే అలవాటు ఇంగ్లండు పనివాడి కంటే ఎన్నో శతాబ్దాల ముందే ఉంది. రాజుల కోటలు కూలాయి, కర్ర మేడలు పుచ్చాయి. పగిలిన కుండ పెంకు మిగిలింది. అది కరగదని, ఎందుకు కరగదో పైన ఆవం గురించి చెప్పినప్పుడే చూశాం. అందుకే పురావస్తు శాఖవాళ్లు ఎక్కడ తవ్వినా మొదట పెంకులనే ఏరుతారు.

ఐరేని కుండ మీద సున్నం గీత ఒక వానకు పోతుంది. పెంకు మాత్రం వేల ఏళ్లు ఉంటుంది. పేరు మాత్రం మనం రాస్తేనే ఉంటుంది.

నేటి పరిస్థితి

ప్లాస్టిక్ బిందె, స్టీలు డ్రమ్ము, ఫ్రిజ్ వచ్చాక నీళ్లకుండ వేసవికే పరిమితమైంది. దీపావళి ప్రమిదలు, కార్తీక దీపాలు, వినాయక విగ్రహాలు, పెళ్లికుండలు మిగిలాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించింది. అది మట్టి విగ్రహానికి మేలు చేసేదే. చెరువులు పూడి, ఇళ్ల స్థలాలై, బంకమన్ను దొరకడమే కష్టమైంది. పెళ్లికుండ మీద ఇప్పుడు సున్నం బదులు డబ్బా రంగు, చెమ్కీ వేస్తున్నారు. అందంగానే ఉంటుంది. కాదనను. కాలంతో పాటు రంగు మారడం తప్పు కాదు.

పని చేయాలనుకునేవారికి దారులు కూడా ఉన్నాయి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇచ్చి శిక్షణ ఇచ్చింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి పని ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత 2 లక్షల అప్పు అని ఆ పథకంలో ప్రకటించారు. మీ ఇంట్లో, మీ వీధిలో చదువురాని కుమ్మరి, కమ్మరి, చెప్పులు కుట్టే పెద్దలు ఉంటే దరఖాస్తు నింపి పెట్టండి. హాస్టల్ పిల్లవాడు ఊరికి చేయగలిగిన సాయాల్లో ఇది మొదటిది.

మీరు చేయవలసిన పని

పాఠం అన్నాక అభ్యాసం ఉండాలి కదా. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. మీ ఊరిలో కుండ చేసేవారినో, బుట్ట అల్లేవారినో, డప్పు కట్టేవారినో, నేసేవారినో కలిసి ఈ ఐదు ప్రశ్నలు అడిగి రాయండి.

1. మీ పేరు ఏమిటి? మీకు పని నేర్పినవారి పేరు ఏమిటి?
2. సరుకు ఎక్కడ నుంచి తెస్తారు? ముందు ఎక్కడ దొరికేది?
3. ప్రతి పనిముట్టుకూ మన ఊరి పేరు ఏమిటి?
4. ఇంటి ఆడవాళ్లు చేసే పని ఏది? (ఇది మరచిపోవద్దు. గీత గీసిన చేయి తరచుగా వారిదే.)
5. ఒకప్పుడు మీ వస్తువును ఎవరికి చేతికిచ్చేవారు, ఎవరికి నేల మీద పెట్టేవారు?

ఐదో ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. అడగండి. మర్యాదగా అడగండి. జవాబు దాచకుండా రాయండి. మన పనుల గొప్పతనం రాసి, మన తప్పులు రాయకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త.

చివరగా ఒక్క మాట. మా తాత పోయాక మా ఇంట్లో సారె ఆగిపోయింది. నాన్న పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లాడు. నేను డీఎస్సీ రాసి మాస్టారినయ్యాను. తాత చేసిన కుండ ఒక్కటైనా దాచుకుందామని వెతికితే మా ఇంట్లో ఒక్కటీ లేదు. కొన్నాళ్ల కిందట హాస్టల్ మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్లాను. వాళ్ల అమ్మ వంటింటి మూల నుంచి ఒక కుండ తెచ్చి నా ముందు పెట్టింది. "మా పెద్దపిల్ల పెళ్లికుండ, బాబూ. ఇన్నేళ్లూ చింతపండు దాస్తున్నాను. మీ తాతదే" అంది. రెండు వరసల సున్నం గీతలు ఎప్పుడో పోయాయి. మెడ కింద బొటనవేలి నొక్కు మాత్రం అలాగే ఉంది. నా వేలు పెట్టి చూశాను. తాత వేలు నా వేలికంటే వెడల్పు.

ఆ రోజు కంచె బయట నేల మీద పెట్టిన కుండను ఆ తల్లి రెండు చేతులతో ఎత్తి నా చేతిలో పెట్టింది. తీసుకెళ్లమంది. నేను తీసుకోలేదు. అది ఉండవలసిన ఇల్లు అదే. ఇంటికి వచ్చి నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో తాత పేరు, దాని కింద నానమ్మ పేరు రాశాను. ఇప్పుడు ఎవరైనా "ఈ కుండ ఎవరి తాత చేశాడు?" అని అడిగితే, గట్టిగా చెబుతాను.

మీరూ రాయండి. వచ్చే ఏడాది సంచికలో మీ నోటుబుక్కుల్లోని పేర్లు చదవాలని ఎదురుచూస్తూ,

మీ అన్న.